ఎర్ర దారం చుట్టిన క్లిప్పు

"పాప మంచం మీదే ఉండుంటే ఏమయ్యేది?"

ఇరుకు వంటగదిలో గుమిగూడిన వాళ్లలో ఒక్కొక్కరినీ కింది ఇంటి అమ్మాయి అదే అడుగుతోంది. నేలంతా నీళ్లు. సబ్బు నురగ గుమ్మం దాకా తేలి వచ్చి అక్కడ ఆగింది. సింకు గొట్టం కిందికి దిగే కన్నంలోంచి మధ్యాహ్నమంతా కారిన నీళ్లకు కింది ఇంటి పైకప్పు నానిపోయి, పళ్లెమంత సిమెంటు పెచ్చు ఊడి, సరిగ్గా పాప పడుకునే చోట పడింది. పాలు పట్టడానికి తల్లి అప్పుడే ఎత్తుకోబట్టి సరిపోయింది. లేకపోతే...!

కళ్లజోళ్ల దుకాణం నుంచి కబురందుకుని పరుగున వచ్చిన కోడలు, భుజాన ఉన్న సంచీ కూడా దించకుండా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆమె చూపు మూలనున్న వాషింగ్ మెషిన్ మీద ఉంది. నడుమెత్తు కూడా లేని బుల్లి మెషిన్. కింద చక్రాలు. పని ఉన్నప్పుడు సింకు దగ్గరికి తోసుకోవడం, అయిపోయాక మూలకు నెట్టెయ్యడం. నీళ్లు తీసుకునే గొట్టం కుళాయికి తగిలించి ఉంది. మురికినీళ్లు వదిలే గొట్టం మాత్రం సింకు అంచున ఉండాల్సింది, నేల మీద పడి ఉంది.

ఆమెకు సంగతి అర్థమైంది. ఆ గొట్టం ఎత్తున ఉన్నంతసేపే మెషిన్‌లో నీళ్లు నిలుస్తాయి. కింద పడిందంటే కుళాయి నీళ్లు వచ్చినవి వచ్చినట్టే బయటికి జారిపోతాయి. మెషిన్ నిండదు. నిండలేదు కాబట్టి పట్టడం ఆపదు. ఎవరో ఒకరు వచ్చి కుళాయి కట్టేదాకా ఇల్లు తడుస్తూనే ఉంటుంది.

"మెషిన్ వేసి, దాన్నలా వదిలేసి వెళ్లిపోతావా? నీకసలు బుద్ధుందా?"

ఆ గొంతు భర్తది. ఆమె కంటే ముందే ఇల్లు చేరాడు. ప్రింటింగ్ ప్రెస్సులో సూపర్‌వైజరు. ఆ భవనం సంఘానికి ఉపాధ్యక్షుడు కూడా. నీళ్లు వృథా చేయరాదని మెట్ల గోడ మీద అంటించిన కాగితం ఆయన స్వయంగా అచ్చువేయించుకొచ్చిందే. మాట పడడం అలవాటు లేని మనిషి. అందుకే ఎవరూ అడక్క ముందే తానే అందుకున్నాడు. ఉద్యోగం చేస్తే సరిపోదన్నాడు, ఇల్లూ వాకిలీ పట్టాలన్నాడు, పసిపిల్ల ప్రాణం పోతే తెచ్చిస్తావా అన్నాడు. ఒక్కో మాటకూ ఇరుగుపొరుగు తలలూపుతుంటే ఆయన గొంతు ఇంకా పెరిగింది.

కోడలు మెషిన్ మూత ఎత్తి లోపలికి చూసింది. తడిసి ముద్దయిన దుప్పటి. నీలం పువ్వుల దుప్పటి. అత్తగారిది.

తల తిప్పి హాల్లో మంచం వైపు చూసింది. అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఒంటి కిందున్న పరుపు మీద దుప్పటి లేదు. బక్కచిక్కిన చెయ్యి ఒకటి చీర కొంగును ముఖం మీదికి లాక్కుంటోంది...

కోడలు మూత మూసేసింది.

"నేనే," అంది. "వెళ్లే ముందు వేసి మర్చిపోయాను. గొట్టం సరిగ్గా తగిలించలేదేమో."

కింది ఇంటి అమ్మాయి ఆమెను ఎప్పుడూ 'అక్కా' అనే పిలిచేది. పాప పుట్టినప్పుడు రోజూ వచ్చి పాపకు నీళ్లు పోసింది ఈ అక్కే. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, "మీరు ఇలా చేస్తారనుకోలేదండీ," అని వెళ్లిపోయింది. అన్ని తిట్లూ ఓర్చుకున్న కోడలికి ఆ 'అండీ' దగ్గర గుండె కలుక్కుమంది.

*

అసలు ఆ మెషిన్ ఆ ఇంట్లోకి వచ్చిందే అత్తగారి కోసం. ఆ సంగతి ఇద్దరే ఎరుగుదురు. ఆ ఇద్దరూ దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

కొన్ని నెలల కిందట ఒక ఉదయం కోడలు స్నానాలగదిలోకి వెళ్లబోతే తలుపు లోపలి గడియ పెట్టి ఉంది. లోపల నీళ్ల చప్పుడు, ముక్కుతూ మూలుగుతూ ఏదో పిండుతున్న చప్పుడు. కాసేపటికి అత్తగారు బయటికి వచ్చింది. మోచేతుల దాకా తడి. "ఏదో ఒలికింది, కడిగాను," అంది కళ్లు కలపకుండా. పెరటి వైపు బాల్కనీలో ఆరేసిన దుప్పటి ఒక అంచు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆ చేతులకు పిండే శక్తి లేదు.

కోడలు ఏమీ అడగలేదు. అడిగితే ఆ ముసలిప్రాణం అక్కడికక్కడే కుప్పకూలిపోయేలా ఉంది.

అడగకపోవడానికి ఇంకో కారణం ఉంది. అంతకు ముందే ఒకనాడు భోజనాల దగ్గర భర్త వాళ్ల యజమాని తల్లి సంగతి చెప్పాడు. పక్క తడపడం మొదలుపెట్టగానే ఆవిణ్ణి వృద్ధాశ్రమంలో చేర్పించేశారట. "అంతే మరి. ఆ స్థితి వచ్చాక ఇంట్లో పెట్టుకోవడం ఎవరి వల్లవుతుంది? వాసన," అన్నాడు నీళ్లు తాగుతూ. ఆశ్రమం వాళ్ల రంగుల కాగితం వాళ్ల ప్రెస్సులోనే అచ్చయింది. ఒకటి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు, ఎప్పటికైనా పనికొస్తుందని. ఎదురుగా కూర్చున్న తల్లి చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆయన చూడలేదు. కోడలు చూసింది.

అందుకే తన జీతంలోంచి ఆ బుల్లి మెషిన్ కొంది. ఉద్యోగం నుంచి వచ్చి బట్టలుతికే ఓపిక లేదని భర్తకు చెప్పింది. ఉన్నదే రెండు గదులు, ఇందులోకి ఇదొకటా అని ఆయన సణిగాడు. సింకులో చెయ్యి కడుక్కోబోయిన ప్రతిసారీ ఆ గొట్టాన్ని చూసి విసుక్కునేవాడు. ఇంట్లో ఏనుగును కట్టేశావని, అసలు ఏనుగైతే తొండమైనా పక్కకు తీసేదని ఎద్దేవా చేసేవాడు.

మెషిన్ వచ్చిన మర్నాటి నుంచి కోడలికి కొత్త అలవాటు మొదలైంది. పనికి వెళ్లే ముందు మెషిన్‌ను సింకు దగ్గరికి తోస్తుంది. ఒక గొట్టం కుళాయికి బిగిస్తుంది. రెండోది సింకు అంచుకు వేసి బట్టల క్లిప్పుతో నొక్కి పెడుతుంది. అత్తగారి కళ్లకు మసక. గొట్టం ఉన్నచోటే ఉందో లేదో ఆవిడకు కనబడాలని ఆ క్లిప్పుకు ఎర్ర దారం చుట్టింది. సబ్బుపొడి కూడా వేసి, "సాయంత్రం వచ్చి ఉతుక్కుంటాను, అన్నీ సిద్ధం చేసి పెట్టాను," అని గాలిలోకి అన్నట్టు అని వెళ్లిపోతుంది. ఇంకేముంది, ఒక్క మీట నొక్కితే చాలు! సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి బాల్కనీలో దుప్పటి ఆరి ఉంటుంది. దాన్ని మడతపెట్టి మంచం మీద పెడుతుంది. అత్తగారు, "ఇవాళ ఎండ బాగుంది," అంటుంది. "బాగుందత్తయ్యా," అంటుంది కోడలు.

వాళ్లిద్దరి మధ్య జరిగిన సంభాషణంతా అంతే. అయినా ఆ ఇంట్లో అంతకు మించిన బంధం ఇంకొకటి లేదు.

ఇప్పుడు ఆ మెషిన్‌ను బాల్కనీలోకి ఈడ్చి ప్లాస్టిక్ పట్టా కప్పేశారు. ఆదివారం సంఘం వాళ్లు ఇంటికి వస్తారట. అందరి ముందూ ఆమె తప్పు ఒప్పుకుని, మెషిన్‌ను ఇంట్లోంచి పంపించెయ్యాలట. నిర్ణయం ముందే అయిపోయింది. అది చెప్పింది కూడా భర్తే.

గొట్టం ఎలా పడిందో కోడలు అత్తగారిని అడగలేదు. తడబడి తగిలిందేమో, చూసుకోలేదేమో. పోనీలే, తిట్లు తనకు కొత్త కాదు. కానీ రెండోనాడు సాయంత్రం ఒక సంగతి ఆమె కంటబడింది. పొద్దున మంచం పక్కన పెట్టి వెళ్లిన మంచినీళ్ల గ్లాసు, పెట్టింది పెట్టినట్టే ఉంది. మర్నాడూ అంతే. అత్తగారి పెదవులు ఎండి చిట్లిపోయాయి. మాట్లాడితే నాలుక అంగిలికి అంటుకుంటోంది. తాగమని బతిమాలితే దాహం లేదంటుంది.

గ్లాసు చేత్తో పట్టుకుని కోడలు వంటగదిలో నిలబడిపోయింది. మెషిన్ లేదు. ఉతికే దారి లేదు. అందుకని ఆ ముసలావిడ నీళ్లు తాగడం మానేసింది!

*

శనివారం ఉదయం కోడలు స్నానాలగది నేల మీద కూర్చుని బట్టలుతుకుతోంది. జేబులు వెతకందే ఏ బట్టా నీళ్లలో వెయ్యదు. భర్త జేబుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ప్రెస్సులో కాగితాలకు పెట్టే క్లిప్పు తీసిన ప్రతిసారీ జేబులో పడేసుకోవడం ఆయన అలవాటు. చేతికి దొరికిందల్లా జేబులోకే.

బుట్ట అడుగున, మిగతా బట్టలన్నిటి కిందా, ఉండచుట్టి కుక్కిన నీలం చొక్కా ఒకటి దొరికింది. చేతి అంచున సిరా మరక. ఆమె భ్రుకుటి ముడిపడింది. నీళ్లు పొంగిన రోజు పొద్దున ఆయన వేసుకెళ్లింది ఈ చొక్కానే. సాయంత్రం గుమ్మంలో నిలబడి అరిచినప్పుడు ఒంటి మీద తెల్లచొక్కా ఉంది. మధ్యలో చొక్కా ఎక్కడ మార్చుకున్నాడు?

జేబులో చెయ్యి పెట్టింది. చెక్క క్లిప్పు తగిలింది. బయటికి తీసింది.

దానికి ఎర్ర దారం చుట్టి ఉంది.

తెరిచిన కుళాయి కింద బకెట్టు నిండి పొర్లుతున్నా కట్టాలన్న ధ్యాస ఆమెకు లేదు. ఆయన వచ్చాడు. మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. సిరా చేతులు కడుక్కోవడానికి సింకులో అడ్డంగా ఉన్న గొట్టాన్ని క్లిప్పు తీసి కింద పడేశాడు. చొక్కా మార్చుకుని, మళ్లీ అటు తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి నీళ్లు చూసిన క్షణంలోనే ఆయనకు తెలుసు. తెలిసే అరిచాడు! తెలిసే, ఊరంతా వినేలా ఆమెకు బుద్ధి చెప్పాడు!

అత్తగారు నిద్రమత్తు తెప్పించే తన మందు మింగి కళ్లు మూసుకుని ఉంది. భర్త పేపరు చదువుతున్నాడు. కోడలు తడిచేతుల్తోనే వెళ్లి క్లిప్పు ఆయన ముందు పెట్టింది.

ఆయన దాన్ని చూశాడు. ఆమెను చూశాడు. పేపరు మడిచాడు. ఆ ముఖంలో భయం కనిపిస్తుందేమోనని ఆమె వెతికింది. కనబడలేదు.

"అవును, వచ్చాను," అన్నాడు గొంతు తగ్గించి. "యజమానితో పాటు ఎవరినో కలవాల్సి ఉండి, చొక్కా మార్చుకోవడానికి వచ్చాను. గొట్టం నేనే తీశాను. ఎవరి సింకులో ఎవరి గొట్టం? అయితే ఇప్పుడేంటి?"

"అందరి ముందూ ఆ మాట చెప్పండి."

"చెప్తాను. చెబితే వాళ్లేం అడుగుతారో తెలుసా? నేను వచ్చేసరికి మెషిన్ తిరుగుతోంది. నువ్వు పొద్దున్న వేసిందైతే అప్పటికి ఎప్పుడో ఆగిపోవాలి. నువ్వు లేవు, నేను లేను. మరి వేసిందెవరు?" ఆయన మంచం వైపు కళ్లతో చూపించాడు. "వట్టి పరుపు మీద పడుకుని ఉంది. నాకు తెలియదనుకున్నావా? ఆశ్రమంలో ఒక మంచం ఖాళీ ఉంది. నేను ఒక్క ఫోను చెయ్యాలి. నువ్వు నోరు మూసుకుంటే ఆ ఫోను చెయ్యను. నీ ఇష్టం."

కన్నతల్లిని తాకట్టు పెట్టి మర్యాద కాపాడుకుంటున్నాడు! ఇన్నేళ్లు ఒక కప్పు కింద బతికిన మనిషి ఇతనేనా అని ఆమె చూస్తూ ఉండిపోయింది. కోపం కంటే ముందు అసహ్యం వచ్చింది. ఆ రెంటి కంటే ముందు ఎండిపోయిన ఆ పెదవులు గుర్తొచ్చాయి.

క్లిప్పు తీసుకుని వెనక్కి వచ్చేసింది. నీలం చొక్కా ఉతికింది. సిరా మరక పోలేదు.

మంచం మీద అత్తగారు కదలలేదు. రెప్పల కిందినుంచి మాత్రం నీటిచుక్క ఒకటి జారి చెవి వెనక్కి పోయింది. అది ఎవరూ చూడలేదు.

*

ఆదివారం వచ్చారు. సంఘం కార్యదర్శిని అందరూ తాళాల పెద్దాయన అంటారు. నీళ్ల ట్యాంకు నుంచి డాబా తలుపు దాకా భవనంలోని తాళాలన్నీ ఆయన నడుముకే వేలాడుతుంటాయి. ఆయన వస్తున్నాడంటే రెండంతస్తుల ముందే తెలిసిపోతుంది. ఆయన వెనక కింది ఇంటి అమ్మాయి, చంకలో పాప. ఉన్న రెండు కుర్చీల్లో ఒకటి పెద్దాయనకు, ఒకటి భర్తకు సరిపోయాయి. అమ్మాయి నిలబడే ఉంది. కోడలు మంచం పక్కన నిలబడింది. ఆమె పిడికిలిలో క్లిప్పు ఉంది. ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియదు. వదలబుద్ధి కాలేదు, అంతే.

పెద్దాయన దగ్గి, జరిగింది జరిగిపోయిందన్నాడు, దేవుడి దయవల్ల పాప క్షేమమన్నాడు. ఇలాంటి మెషిన్లు ఇరుకు ఇళ్లకు తగవన్నాడు. భర్త మధ్యలో అందుకుని, తన భార్య తరఫున తాను కూడా సిగ్గుపడుతున్నానని, ఇక మీదట ఇంట్లో తన మాటే చెల్లుతుందని హామీ ఇచ్చాడు. ఆ వినయం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

"ఏమ్మా, నువ్వేమంటావు?" అన్నాడు పెద్దాయన.

కోడలు గొంతు సవరించుకుంది. "తప్పు నాదే..."

"నీది కాదు."

మాట మంచం మీద నుంచి వచ్చింది. అత్తగారు రెండు చేతులూ ఊని లేచి కూర్చుంటోంది. కోడలు పట్టుకోబోతే ఆవిడ చేత్తో వారించింది.

"అత్తయ్యా, వద్దు," అంది కోడలు మెల్లగా.

"వద్దు వద్దంటూనే ఇంత దూరం తెచ్చుకున్నామమ్మా." ఆవిడ ఎవరి ముఖంలోకీ చూడకుండా, ఒడిలోని చేతుల్ని చూసుకుంటూ చెప్పింది. "ఆ రోజు మెషిన్ వేసింది నేను. నేను పక్క తడుపుతున్నాను. ఆ ఒక్కరోజే కాదు, నెలల తరబడి తడుపుతున్నాను. ఈ పిల్ల పొద్దున్నే గొట్టాలన్నీ తగిలించి పోయేది. నేను మీట నొక్కేదాన్ని. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. కూతురైనా అడిగేది."

తాళాల పెద్దాయన నడుము దగ్గరి గుత్తిని పిడికిట్లో పట్టుకుని తల దించుకున్నాడు. డెబ్భై దాటిన మనిషి, పరాయి మగవాడి ముందు తన ఒంటి సిగ్గును తనే విప్పి పెట్టింది... కోడలి కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

ముందుగా తేరుకున్నది భర్త. ఆయన ముఖంలో ఒక్క క్షణం బెదురు, మరుక్షణం ఊరట. దారి దొరికిన మనిషిలా కుర్చీ ముందుకు జరిపాడు.

"విన్నారుగా పెద్దాయనా. నాకు అనుమానంగానే ఉంది, అమ్మ కదా అని బయట పెట్టలేదు. వయసైపోయింది. కళ్లు కనబడవు, చెయ్యి నిలవదు. గొట్టం తగిలి పడేసుకుని ఉంటుంది, పాపం. ఇలాగైతే ప్రమాదమనే, చూసుకునే చోట చేర్పిద్దామని నేను ఎప్పటినుంచో అంటున్నాను."

అత్తగారు తలెత్తింది. మొదటిసారి కొడుకును చూసింది. చాలాసేపు చూసింది. కోపంగా కాదు. బడి నుంచి వచ్చిన పిల్లాడు ఏదో దాస్తున్నాడని తెలిసి, వాడే చెబుతాడేమోనని గుమ్మంలో ఆగిన తల్లిలా చూసింది.

"ఇంకేమైనా చెప్తావేమోనని చూస్తున్నాను నాన్నా," అంది.

ఆయన చేతి గడియారం సర్దుకున్నాడు.

"చెప్పడానికేముందమ్మా. నువ్వు పడుకో."

ఆవిడ తలాడించింది. ఏదో ఒక లెక్క లోపల తెగిపోయినట్టు, భుజాలు కిందికి దిగాయి. కోడలి వైపు తిరిగి, "మంచినీళ్లియ్యమ్మా," అంది.

కోడలు పరుగున వెళ్లి గ్లాసు నింపి తెచ్చింది. అత్తగారు అందరూ చూస్తుండగా దాన్ని ఎత్తింది. సగం తాగి ఆగలేదు. గొంతులో గుటకలు వినబడేలా, చివరి చుక్క దాకా తాగింది. చిట్లిన పెదవులు చేత్తో తుడుచుకుంది.

"నా మంచం ఈ గోడకు ఉంది కదా. ఇటు తిరిగి పడుకుంటే వంటగది గుమ్మంలోంచి సింకు ఎదురుగా కనబడుతుంది," అంది. "ఆ రోజు మధ్యాహ్నం తాళం తీసిన చప్పుడైంది. పరుపు మీద దుప్పటి లేదు కదా, సిగ్గేసి కళ్లు మూసుకున్నాను. సగమే మూసుకున్నాను. కళ్లు మసకే. కానీ ఎరుపు కనబడుతుంది నాకు. సింకు దగ్గర ఎర్రగా ఉన్నది కదిలింది. పైకి లేచింది. జేబులోకి పోయింది. మనిషి వెళ్లాక లేచి చూద్దామనుకున్నాను. మాయదారి మందు, నిద్ర పట్టేసింది. నా తప్పేదైనా ఉంటే అదీ. ఆ నిద్ర."

భర్త లేచి నిలబడ్డాడు. మందు ప్రభావంలో ఏదేదో కలగంటుందని, ఆవిడ మాటలు పట్టించుకోవద్దని పెద్దాయనకు చెప్పబోయాడు. ఆ గొంతులో ఇప్పుడు వినయం లేదు.

కోడలు పిడికిలి విప్పింది. ఎర్ర దారం చుట్టిన క్లిప్పును అత్తగారి అరచేతిలో పెట్టింది. "నిన్న ఉతకబోతే చొక్కా జేబులో దొరికిందండీ," అంది పెద్దాయనతో. ఎవరి చొక్కా అని చెప్పలేదు.

ముసలివేళ్లు ఆ దారాన్ని తడిమాయి, చుట్టు చుట్టూ తడిమాయి.

కింది ఇంటి అమ్మాయి పాపను భుజానికి గట్టిగా అదుముకుని ఒక అడుగు ముందుకు వేసింది. ముందు కోడలి ముఖంలోకి చూసింది. "అక్కా..." అంది, ఇంకేమీ అనలేక. తరువాత మంచం దగ్గర వంగి, "మామ్మగారూ, గొట్టం తీసిందెవరు?" అని అడిగింది.

ఊళ్లో అందరికీ ఆయన సూపర్‌వైజరు గారు. సంఘంలో ఉపాధ్యక్షుల వారు. ఆ ఇంట్లో మాత్రం ఇప్పటికీ తల్లి నోట ముద్దుపేరే. జ్వరం వచ్చినా, జీతం పెరిగినా, పెళ్లి పీటల మీద కూర్చున్నా ఆవిడ అదే పేరుతో పిలిచింది. ఆ పేరును ఆవిడ ప్రేమ లేకుండా పలకగా కోడలు ఎన్నడూ వినలేదు.

ఇప్పుడు విన్నది.

"మా బుజ్జి," అంది తల్లి.